జమైకాలో సీబీడీ నూనె: వెంట తీసుకెళ్లడం మేలా, అక్కడే కొనడం మేలా?

సెలవులు దగ్గరపడితే చాలు, అమెరికాలోని మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న: "అమ్మ మోకాళ్ల నొప్పులకు సీబీడీ నూనె వాడుతోంది. జమైకాకు సీసా పట్టుకెళ్లాలా, అక్కడే కొనాలా?"

సీబీడీ అంటే గంజాయి జాతి మొక్కల్లో ఉండే, మత్తెక్కించని పదార్థం. జమైకాలో ఏదైనా చెల్లుతుందన్న నమ్మకాన్ని ముందు పక్కన పెట్టండి. 2015 చట్ట సవరణ గంజాయికి తలుపులు బార్లా తెరవలేదు. రెండు ఔన్సులలోపు దగ్గరుంటే జైలు లేదు, 500 జమైకన్ డాలర్ల జరిమానా మాత్రం ఉంది. దేశంలోకి తేవడం, బయటికి దాటించడం ఇప్పటికీ నేరాలే.

నా దృష్టిలో అసలు విషయం టీహెచ్‌సీ, అంటే అదే మొక్కలోని మత్తెక్కించే పదార్థం, శాతం ఎంతన్నదే. జమైకా చట్టం ప్రకారం అది ఒక శాతం మించని మొక్క హెంప్, గంజాయి కాదు. అమెరికాలో 2018 ఫార్మ్ బిల్లు పెట్టిన హద్దు 0.3 శాతమే. 2025 నవంబరులో చేసిన చట్టం దాన్ని ఇంకా బిగించింది. అంటే కింగ్‌స్టన్‌లో హెంప్ కింద చెల్లే 0.8 శాతం సరుకు, మయామీలో దిగేసరికి గంజాయి లెక్కలోకి వస్తుంది. ఆ శాతంతో 30 మిల్లీలీటర్ల సీసా ఉంటే అందులో టీహెచ్‌సీ 220 మిల్లీగ్రాముల పైమాటే. ముందువైపు ఎంత పెద్ద అక్షరాలతో 'సీబీడీ' అని ఉన్నా కస్టమ్స్ వారు చూసేది వెనక చిన్న అక్షరాల్లోని ఈ అంకెనే.

ఇంటి నుంచి తీసుకెళ్తే అలవాటైన మోతాదు దొరుకుతుంది, నిజమే. కానీ పోతూ ఒక సరిహద్దు, వస్తూ ఒక సరిహద్దు. తప్పదంటే టీహెచ్‌సీ బొత్తిగా లేని ఐసొలేట్ రకమే ఎంచుకుని, సీసా మీది బ్యాచ్ నంబరుతో సరిపోయే ల్యాబ్ నివేదికను అచ్చు వేయించి పెట్టుకోండి. ఓడలో వెళ్లేవారికి ఆ అవకాశమూ తక్కువే. చాలా క్రూజ్ కంపెనీలు సీబీడీని అసలు ఎక్కనివ్వవు.

నా ఓటు అక్కడ కొని, అక్కడే వాడి, మిగిలింది అక్కడే పారేసి రావడానికి. క్యానబిస్ లైసెన్సింగ్ అథారిటీ అనుమతి ఉన్న దుకాణానికే వెళ్లండి. వైద్య అవసరం మీద పర్యాటకులకూ అనుమతి పత్రం ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల సీబీడీయో మీ పాత సీసాతో పోల్చి చూసుకోండి. చుక్కల లెక్క మారిపోతుంది.

బీచ్‌లో తిరిగి అమ్మేవారి దగ్గర కొనడమా? వద్దు.

అటునుంచి అటే హైదరాబాద్ వెళ్లేవారు ఏ సీసా ఉన్నా వదిలేసి విమానం ఎక్కండి. మన దేశపు మాదకద్రవ్యాల చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి జమైకా రసీదుతో పనిలేదు.