పాతికేళ్లు నిండుతున్న దివ్యాంగ పిల్లలున్నారా? ఫ్లోటర్ రెన్యువల్‌కి ముందు ఇది చూసుకోండి

"సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉంది కదండీ, ఎంత వయసొచ్చినా బాబు మీ పాలసీలోనే ఉంటాడు" అని ఏజెంట్ నోటిమాటగా చెబితే నమ్మి ఊరుకోకండి. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఆరోగ్య బీమానే ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారు. చాలా ఫ్లోటర్లలో పిల్లల వయోపరిమితి 25 ఏళ్లు. దివ్యాంగులకు సడలింపు కొన్నింట్లోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకమైన సీజీహెచ్ఎస్‌లో శాశ్వత వైకల్యం ఉన్న కొడుక్కి వయసు అడ్డు రాదు, అదే మాట ప్రైవేటు పాలసీకి అంటగట్టి అమ్మేస్తుంటారు. పాలసీ వర్డింగ్స్‌లో 'డిపెండెంట్ చైల్డ్' నిర్వచనం చదవండి. సడలింపు ఉంటే అక్కడ రాసి ఉండాలి.

దెబ్బ తగిలేది రెన్యువల్‌లో. ప్రీమియం ఆటో డెబిట్‌లో పోతుంది, రెన్యువల్ అయిందని మెసేజ్ వస్తుంది, కవరైన వాళ్ల పేర్లుండే కొత్త షెడ్యూల్‌లో మాత్రం పిల్లాడి పేరుండదు. ఆ పీడీఎఫ్ తెరిచేదెవరు? ఆస్పత్రిలో క్యాష్‌లెస్ కాదన్నప్పుడే బయటపడుతుంది. అప్పుడు హడావిడిగా కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) మళ్లీ మొదటికొస్తుంది, 36 నెలల దాకా.

అందుకే పాతికేళ్లు నిండే ఏడాది, రెన్యువల్‌కు రెండు నెలల ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి. విడి పాలసీకి 'మైగ్రేషన్' (అదే కంపెనీలో వేరే పాలసీకి మారడం) కావాలని, ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్‌ను లెక్కలోకి తీసుకోవాలని అందులో రాయండి. ఫోన్‌లో "అలాగే సార్" అన్నది రేపు అక్కరకు రాదు.

ఇంకో ఉచ్చు ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం పెట్టే దరఖాస్తు. వైకల్యం, ఫిట్స్, రోజూ వాడే మందులు అడిగే గడుల్లో ఏజెంటే "లేదు" అని టిక్కు పెట్టేసి ఓటీపీ అడుగుతాడు. చెప్పారంటే సంతకం పెట్టినట్టే. రేపు ఫిట్స్‌తో చేరితే, జబ్బు దాచారంటూ క్లెయిమ్ కొట్టేస్తారు. పాలసీతో వచ్చే ఫారం కాపీ గడి గడీ చూడండి. తప్పుంటే 30 రోజుల ఫ్రీలుక్‌లోనే (నచ్చకపోతే పాలసీ వెనక్కిచ్చే గడువు) దిద్దించండి, కుదరదంటే పాలసీ వెనక్కిచ్చేయండి.

"ఇలాంటి వాళ్లకి మా దగ్గర పాలసీ లేదు" అన్నా వెనుదిరగకండి. దివ్యాంగుల కోసం ఒక పాలసీ తప్పనిసరిగా పెట్టాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 ఫిబ్రవరిలోనే సర్క్యులర్ ఇచ్చింది. దాని పేరు అడగండి, తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. లక్ష రూపాయల దాకా కవరేజీ, ముందస్తు వైద్య పరీక్షలు లేవు, థెరపీలకూ కొంత పరిమితి మేరకు డబ్బొస్తుంది. లక్షతో ఐసీయూ బిల్లు గట్టెక్కదు కాబట్టి ఇది ఉందని పెద్ద పాలసీ వదిలేయకండి. ఏడాదిలో ఎప్పుడు చేరినా మార్చి 31కే గడువు తీరుతుంది.