మెటల్ వాల్వు ఉన్న మా అమ్మ, కొత్తపేట గుండె డాక్టరు గారు

గుంటూరు కొత్తపేటలో గుండె డాక్టర్ల బోర్డులకు కొదవలేదు. మా అమ్మను చూసే డాక్టరు గారి క్లినిక్ వాటిలో చిన్నదే. కింద మందుల షాపు, పైన ఈసీజీ, ఎకో గదులు. ఆయన సర్కారు ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మేం ఆయన దగ్గరికి వెళ్లబట్టి పదేళ్లు దాటింది. స్టెంట్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, గుండె వాల్వు (రక్తాన్ని ఒకే దారిలో పంపే కవాటం) మార్పించుకున్నవాళ్లకు ఎలాంటి డాక్టరు కావాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మకు చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్లు వాచే జ్వరం వచ్చి తగ్గిపోయిందట. కానీ దాని దెబ్బకు గుండెలో ఎడమవైపుండే మైట్రల్ వాల్వు ఏళ్ల తరబడి మందమెక్కి ముడుచుకుపోయింది. మెట్లెక్కితే ఆయాసమంటే ఊళ్లో రక్తం తక్కువని టానిక్కులు రాశారు. ఈయన స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఎడమపక్కకు ఒత్తిగిలమని మళ్లీ విన్నారు. ఎకో తీయకముందే వాల్వు సన్నబడిందని చెప్పారు. బెలూన్‌తో వెడల్పు చేసే దశ దాటిపోయిందని ఎకోలో తేలింది. ఆపరేషన్ వేరే ఆసుపత్రిలో, ఆరోగ్యశ్రీలో జరిగింది. పెట్టింది తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన వాల్వు. 1990లోనే తొలిసారి మనిషికి అమర్చారని, భయపడొద్దని డాక్టరు గారు అమ్మకు ఓపిగ్గా చెప్పారు.

ఈయన విలువ మాకు తెలిసింది ఆపరేషన్ తర్వాతే. మెటల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం ఎసిట్రామ్ మాత్ర వేసుకోవాలి. డోసు తక్కువైతే వాల్వు మూసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే రక్తస్రావం. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష లెక్కే ఐఎన్‌ఆర్. అమ్మకు అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఓసారి 1.8 వచ్చింది. డోసు పెంచుతారేమో అనుకుంటే, పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, ఈ వారం ఏం కూరలు తిన్నారు?" అని అడిగారు. తోటకూర, పాలకూర పప్పు, గోంగూర, వరసపెట్టి ఆకుకూరలే. వాటిలో ఉండే విటమిన్ కె ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. "మానేయమనట్లేదమ్మా, వారంవారం ఒకే లెక్కలో తినండి" అని చెప్పి, డోసు కాస్త సవరించి, వారానికే మళ్లీ పరీక్ష చేయించమన్నారు. మా దగ్గర రూళ్ల నోటుబుక్కు ఒకటుంది. తేదీ, ఐఎన్‌ఆర్, ఏ రోజు ఎన్ని మిల్లీగ్రాములు, అన్నీ ఆయన తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తారు, అమ్మ చదువుకోగలిగేలా. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదని మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో ఉంటుంది.

ఒకసారి మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ పిర్రకు ఇంజెక్షన్ చేశాడు. సాయంత్రానికి అరచేయంత నల్లగా కమిలి గట్టిపడింది. ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు డాక్టరు గారు. కండకు ఇంజెక్షన్ వద్దు, అడగకుండా నొప్పి మాత్రలూ వద్దు అని ఆ రోజే బుక్కులో చేరింది. పన్ను పీకించాల్సి వచ్చినప్పుడు ముందుగా వేసుకోవాల్సిన యాంటీబయాటిక్ రాసి, ఎసిట్రామ్ సొంతంగా ఆపవద్దని డెంటిస్టుకు చీటీ ఇచ్చారు. ఇంత పట్టించుకునే డాక్టరు దొరకడం మా అమ్మ అదృష్టం. ఇది మనసులో మాట.

క్లినిక్ విషయానికొస్తే ఇబ్బందులున్నాయి. టోకెన్ ఉదయాన్నే తీసుకున్నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కూర్చోడానికి చోటు చాలదు, పెద్దవాళ్లు వరండాలో నిలబడాల్సి వస్తుంది. రిసెప్షన్‌లో ఫోన్ ఒక్కోసారి ఎంతకీ ఎత్తరు. డాక్టరు గారు ఊళ్లో లేనప్పుడు చూసే కుర్ర డాక్టరు మంచివారే గానీ నోటుబుక్కు తిరగేయకుండానే రాసేయబోతారు, మనమే గుర్తుచేయాలి. ఫీజు మాత్రం అందుబాటులోనే ఉంటుంది, అక్కర్లేని టెస్టు ఒక్కటీ రాయరు.

వాల్వు పేషెంట్లు వెళ్లేముందు ఐఎన్‌ఆర్ ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోండి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ఆయన మొదటి రిపోర్టు నుంచీ చూస్తారు. ఉన్నట్టుండి ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా మాత్రం ఈ క్లినిక్‌కు వద్దు. గుండె రక్తనాళాల్లో అడ్డంకులు చూసి తీసే క్యాథ్‌ల్యాబ్ ఇక్కడ లేదు. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి, ఎసిట్రామ్ వాడుతున్నారని అక్కడ ముందే చెప్పండి.