ఫెర్రెట్లకు పచ్చి మాంసం పెట్టి ఏడాదిన్నర: అంతా బాగుంది, ఆ ఎముక లెక్క తప్ప

నా కోపమంతా ఒక్క అంకె మీదే. 36. కోడి మెడలో ఎముక 36 శాతం ఉంటుందని ఫెర్రెట్లకు (చూడ్డానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువులు) పచ్చి మాంసం పెట్టేవాళ్ళు చూసుకునే పట్టికల్లో ఉంటుంది. నేనూ దాన్నే నమ్మి ఆరు వారాలు లెక్క కట్టి పెట్టాను. ఏడో వారంలో మా ఫెర్రెట్ చిన్ని రెండు రోజులు దొడ్డికి పోలేక మూలకు వెళ్ళడం, వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుని ముక్కడం, ఏమీ రాక తిరిగి వచ్చి పడుకోవడం చూశాక ఆ అంకె ఎక్కడ కనిపించినా నాకు మండుతుంది.

ఎనభై శాతం మాంసం, పది శాతం ఎముక, అయిదు శాతం లివర్, అయిదు శాతం ఇంకో అవయవం అనే లెక్క, గింజలూ కూరగాయలూ వీటికి అరగవనే సంగతి, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుందనే సంగతి పెంచేవాళ్ళందరికీ తెలిసినవే. మళ్ళీ రాయను. మావి రెండు, రాకీ 1300 గ్రాములు, చిన్ని 750. బెంగళూరులో ఉండే మా తమ్ముడి స్నేహితుడు విదేశం వెళ్తూ అనంతపురం తెచ్చి మాకు అప్పజెప్పాడు. మొదటి నెలంతా వీధిలో వాళ్ళకు సమాధానం చెప్పడంతోనే సరిపోయింది. పక్కింటి అక్క అయితే "ముంగిసను పెట్టుకున్నారే, ఫారెస్టోళ్ళు పట్టుకుపోరా" అని నిజంగానే భయపడింది. ముంగిసను పెంచకూడదు, చట్టం ఒప్పుకోదు, కరెక్టే. ఇది ముంగిస కాదు, దాని జాతే వేరు అని ఎన్నిసార్లు చెప్పానో.

పుట్టినప్పటి నుంచి ఎండు మేత (గుళికల్లా ఉండే పొడి తిండి) తిన్నవి కాబట్టి మాంసం చూపిస్తే మొహం తిప్పుకున్నాయి. పసితనంలో ఏ వాసన తిండిగా అలవాటైతే అదే వీటికి తిండి. బోన్‌లెస్ చికెన్‌ను మిక్సీలో పట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసి గంజిలా చేసి, వేలితో పెదవికి రాస్తే నాకి ఉమ్మేసేవి. రాకీ పది రోజులకు దారికొచ్చాడు, చిన్నికి ఆరు వారాలు పట్టింది.

ఇక్కడ సరుకు దొరకడంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. గుండెకాయలు అడిగితే ఇస్తారు, టారిన్ అనే పోషకం బాగా ఉంటుందని మాంసం వాటాలోనే అవి కాస్త ఎక్కువ కలుపుతాను. కందనకాయను చాలామంది అవయవం లెక్కలో వేస్తారు గానీ అది కండ. చికెన్ షాపులో లివర్, కందనకాయ కలిపి తూస్తారు, విడిగా కావాలంటే ముందే చెప్పాలి. కష్టమంతా ఆ చివరి అయిదు శాతం దగ్గరే. దానికి పొట్టేలు గుర్దా (మూత్రపిండం) గానీ తిల్లి (ప్లీహం) గానీ కావాలి. నాకు వారానికి కావాల్సింది 60 గ్రాములే, దానికోసం ఆదివారం తెల్లవారి ఆరింటికి మటన్ షాపు ముందు నిలబడాలి. ఎనిమిదింటికి వెళ్తే ఎవరో ఫ్రైకి పట్టుకుపోయి ఉంటారు.

ఇక ఆ ఎముక సంగతి. రెండింటికీ కలిపి వారానికి 1200 గ్రాములు. పది శాతం అంటే 120 గ్రాముల ఎముక. మెడలో 36 శాతం ఉంటే 340 గ్రాముల మెడలు పెడితే లెక్క సరిపోవాలి. అలాగే పెట్టాను. నాలుగో వారం నుంచి దొడ్డి తెల్లబడింది, సుద్దముక్కలా పొడిపొడిగా రాలేది. ఎముక ఎక్కువైతే అలా అవుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా మళ్ళీ లెక్క వేశాను, లెక్కలో తప్పు లేదు, అందుకని మెడలు తగ్గించలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. కళ్ళముందు ఉన్నదాన్ని వదిలేసి పట్టికను నమ్మాను.

చిన్ని ముక్కడం మొదలైన రోజు నా భయం వేరు. ఫెర్రెట్లు రబ్బరు కొరికి మింగుతాయి, పేగులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది, ముందు రోజే మా పాప చెప్పు అంచు కొరికి ఉంది. ఊళ్ళో ఒక పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతకుముందు ఫెర్రెట్‌ను చూడలేదు, ఆ మాట దాచకుండా చెప్పి, నా ఎదురుగానే బెంగళూరులో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నారు. ఎక్స్‌రేలో పెద్దపేగు పొడవునా తెల్లగా గట్టి మలం, రబ్బరు లేదు. చర్మం కింద నీళ్ళు ఎక్కించి, మలం మెత్తబడే సిరప్ ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. సుద్దముక్కలే, మూడు. మా ఆవిడ ఏడ్చేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫ్రీజర్‌లోంచి మెడలు తీసి కరగబెట్టి, వంటింటి గట్టు మీద కాటా పెట్టుకుని కూర్చున్నా. సరిగ్గా 100 గ్రాములు తూచి, చిన్న కత్తితో ఒక్కో మెడ నుంచి కండ మొత్తం గీరి తీశాను. మెడ పూసల మధ్య దూరిన కండ రావడం ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు, వేళ్ళు జారిపోతాయి, గోళ్ళతో లాగాలి. ముప్పావు గంట పట్టింది. గీరిన కండ 42 గ్రాములు. మిగిలిన ఎముక 58.

36 కాదు, 58. అప్పుడు పట్టికను మళ్ళీ తెరిచి చూస్తే వాళ్ళది తోలుతో ఉన్న మెడ. మెడకు తోలు చాలా బరువు ఉంటుంది, తోలు తీసేస్తే మిగిలినదాంట్లో సగానికి పైగా ఎముకే. మన దగ్గర ఏ షాపులోనైనా అడక్కుండానే తోలు తీసేస్తారు, స్కిన్‌లెస్ తప్ప ఇంకో రకం ఉంటుందని నాకు తట్టనే లేదు. అంటే 340 గ్రాముల్లో నేను పెట్టింది 122 గ్రాముల ఎముక కాదు, 197. పది శాతం అనుకుంటూ పదహారు దాటించాను. ఇంకో నష్టం కూడా ఉంది, తోలుతో పాటే కొవ్వు పోతుంది, ఫెర్రెట్‌కు కొవ్వు బాగా కావాలి.

ఇప్పుడు మెడలు వారానికి 200 గ్రాములే. మిగతా 140 గ్రాములు బోన్‌లెస్ తొడ, దాంతోపాటు తోలు ముక్కలు. షాపతను "తోలెందుకన్నా, పారేసేదే కదా" అని డబ్బులు తీసుకోడు. అప్పటి నుంచి దొడ్డి ముదురు గోధుమ రంగులో, ముద్దగా, సరిగ్గా వస్తోంది. బోన్‌లెస్ మాత్రమే పెడితే సరిపోతుంది కదా అని ఎవరైనా అనుకుంటే దయచేసి ఆ పని చేయకండి. ఉత్త కండలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు, ఎదిగే ఫెర్రెట్ పిల్లలకైతే కాళ్ళు వంకర్లు పోతాయి. ఎముక ఉండాల్సిందే, తూచి ఉండాలి.

వేసవి గురించి రెండు మాటలు. ఫెర్రెట్లు తిండి దాచుకుంటాయి. మే నెలలో మా ఊళ్ళో ఎండ నలభై దాటుతుంది, బీరువా వెనక దాచిన మెడ ముక్క సాయంత్రానికి ఇల్లంతా చెబుతుంది. ఇప్పుడు తెల్లవారి అయిదున్నరకు, రాత్రి తొమ్మిదికి, ఏసీ గదిలోనే, తలుపు వేసి పెడతాను. అరగంట తర్వాత మిగిలింది తీసేసి, పరుపు కింద కూడా చేయి పెట్టి చూస్తాను. ఆ ఎండకు వీటికి ఎలాగూ ఏసీ తప్పదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పచ్చి కోడి పూర్తిగా ఆపేశాను. 1933లో లండన్‌లో మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరు చేసింది ఫెర్రెట్ల సాయంతోనే, ఫ్లూ వీటికి అంత సులువుగా అంటుకుంటుంది. ఉడికించిన ఎముక పెట్టకూడదు, చీలికలై గుచ్చుకుంటుంది. అందుకని ఉడికించిన మాంసంలో గుడ్డు పెంకు మెత్తగా పొడి చేసి కలిపాను. రాకీ తిన్నాడు, చిన్ని పాత ఎండు మేత కోసం గిన్నె గీకింది. పెట్టాను. అప్పటి నుంచి వారానికి రెండు పూటలు ఎండు మేత కూడా అలవాటు తప్పకుండా ఉంచుతున్నా, మేం ఊరికెళ్ళినప్పుడు పక్కింటి అక్క పెట్టగలిగేది అదే.

బొచ్చు మెరుస్తోందని, వాసన తగ్గిందని మొదటి మూడు నెలలు అందరికీ గొప్పగా చెప్పాను. వాసన తగ్గింది, అది నిజం, ముఖ్యంగా దొడ్డి వాసన. బొచ్చు సంగతి మాత్రం అంత గట్టిగా అనలేను, అది కాలం మారినప్పుడు ఎలాగూ రాలి కొత్తది వస్తుంది. పళ్ళు చిన్నివి తెల్లగా ఉన్నాయి, రాకీ వెనక దవడ పన్ను మీద పాత గార అలాగే ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే నేను ఇదే పద్ధతి పెడతాను. కానీ మా ఇంట్లో మాంసం తింటాం, వీటి కోసం విడిగా చిన్న ఫ్రీజర్ కొన్నాం, చికెన్ షాపు వీధి చివరే ఉంది, మా ఆవిడకు పచ్చి మాంసం ముట్టుకోవడానికి ఇబ్బంది లేదు. ఇంట్లో పాకే పిల్లలు, గర్భిణులు, ఒంట్లో బాగోలేని పెద్దవాళ్ళు ఉంటే నేను చెయ్యమని చెప్పను, పచ్చి కోడి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు, ఇవి మూతి తుడుచుకునేది మన చీరకే, మన దుప్పటికే.

ఈ ఆదివారం షాపతన్ని బతిమాలి అరకిలో మెడలు తోలుతోనే తీయించుకున్నాను. ఫ్రీజర్‌లో ఉన్నాయి. రాత్రికి వాటినీ గీరి తూచాలి.