నల్లగొండ ఎండకాలంలో మూడు గ్రాఫిక్స్ కార్డులు: 1060, 3060, 4060

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో నాకొక చిన్న ఎడిటింగ్ మడిగె ఉంది. పెండ్లి వీడియోలు, ఆల్బమ్‌లు తయారు చేయడం అక్కడి పని. 2017 చివరలో ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు, వీడియోల లెక్కలను చేసిపెట్టే భాగం) జీటీఎక్స్ 1060, సొంత మెమరీ 6 జీబీ గల రకం, వేయించాను. ఐదేళ్ల తర్వాత దాని చోటులోకి 12 జీబీ మెమరీ గల ఆర్‌టీఎక్స్ 3060 వచ్చింది. 2023లో ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయికి ఇంట్లో ఐ5-12400తో మరో కంప్యూటర్ కొన్నప్పుడు అందులో 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 పెట్టించాము. మూఢం వచ్చి పెండ్లిళ్లు ఆగిన రోజుల్లో ఈ మూడు కార్డులను రెండు కంప్యూటర్లలోనూ మార్చి మార్చి బిగించి, ఒకే పనిని వాటితో చేయించి చూశాను కాబట్టి, ఈ మాటలు పెట్టె మీద ముద్రించిన అంకెలను చూసి రాస్తున్నవి కావు.

3060 విడుదలైంది 2021 ఫిబ్రవరిలోనే అయినా నేను 2022 చివరిదాకా ఆగవలసి వచ్చింది. క్రిప్టో మైనింగ్ (ఈ కార్డులతో డిజిటల్ నాణేలు సంపాదించే పని) జోరు మీద ఉన్న ఆ రోజుల్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ దుకాణాల్లో కార్డు దొరికితే ధర అందేది కాదు, ధర అందితే కార్డు ఉండేది కాదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణెం ఆ మైనింగ్ పద్ధతిని వదిలేశాక ధరలు దిగివచ్చాయి. వాటితో పాటు మైనింగ్‌లో అరిగిన కార్డులు కూడా సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా దిగాయి. ఒక దుకాణంలో నాకు అటువంటిదే అంటగట్టారు. నెల తిరగకముందే దాని ఫ్యాన్ గరగరలాడి ఆగిపోయింది, తిరిగి తీసుకోమంటే బిల్లు లేదన్నారు. ఇప్పుడు వాడుతున్న 3060 ఆ తర్వాత కొత్తగా కొన్నది.

మా పనిలో కార్డుకు నిజమైన పరీక్ష బరాత్ వీడియో. రాత్రిపూట డీజే లైట్ల కింద తీసిన దృశ్యాల్లో నల్లటి చోట్లన్నీ రవ్వ పోసినట్టు గరుకుగా కనిపిస్తాయి. ఆ గరుకును పోగొట్టడానికి డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ పెడితే, ముందు వెనుక ఫ్రేములను కూడా సాఫ్ట్‌వేర్ ఏకకాలంలో కార్డు మెమరీలో ఉంచుకొని పోల్చుకుంటుంది. 4కే టైమ్‌లైన్ మీద ఈ పని ఇవ్వగానే 1060 కార్డు, జీపీయూ (కార్డు చిప్పు) మెమరీ నిండిపోయిందని సందేశమిచ్చి నిలిచిపోయేది. 3060 మీద అదే టైమ్‌లైన్ నింపాదిగా నడిచింది. 4060 చిన్న క్లిప్పులను 3060 కంటే కొంచెం వేగంగానే ముగించింది గానీ, అదే క్లిప్పు మీద రంగుల దిద్దుబాటు, రెండో నాయిస్ రిడక్షన్, పైన టైటిల్ యానిమేషన్ కలిసేసరికి, 1060 దగ్గర చూసిన పాత సందేశమే తెర మీదికి వచ్చింది. రెండేళ్లు కొత్తదైన కార్డు పాతదాని ముందు ఓడిపోవడం చూసి మా అబ్బాయి మొదట నమ్మలేదు.

కారణం లెక్కలోనే ఉంది. 3060లో మెమరీ దారి వెడల్పు 192 బిట్లు, సెకనుకు 360 జీబీ కదులుతుంది. 4060లో ఆ దారిని 128 బిట్లకు కుదించారు, 272 జీబీ మాత్రమే కదులుతుంది. ఆ లోటును పూడ్చడానికి చిప్పు లోపల ఉండే క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీని 24 ఎంబీకి పెంచారు, చాలా పనుల్లో ఆ ఉపాయం ఫలిస్తుంది కూడా. అయితే 8 జీబీ నిండిపోయాక మిగిలిన సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోవలసి ఉంటుంది, అక్కడికి పోయే దారిలో 4060కి ఉన్నవి 16 లేన్లు (డేటా నడిచే వరుసలు) కాదు, 8 మాత్రమే. మడిగెలోని నా పాత మదర్‌బోర్డులో కార్డును కలిపే పీసీఐఈ దారి నిదానమైన మూడో తరానిది కాబట్టి ఆ దారి ఇంకా ఇరుకైంది. మెమరీ పొంగిన ప్రతిసారీ ఇంటి కంప్యూటర్‌లో కంటే అక్కడ తడబాటు స్పష్టంగా ఎక్కువ. పాత బోర్డులో 4060 వేయాలనుకునేవారు ఈ సంగతిని ముందే చూసుకోవాలి.

కొత్త తరం నిజంగా గెలిచిన చోటు వేరే ఉంది. మా ఊరి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో, లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుంది. మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు కోసం ఆ గుడిని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో కట్టి, నీడ ఎలా పడుతుందో చూపాలనుకున్నాడు. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. మండపం స్తంభాల మధ్య తగిలి, చెదిరి, వచ్చిన వెలుతురే అక్కడ చేరుతుంది. అందుకని ఒక్క చిత్రానికే లెక్కలేనన్ని కాంతి కిరణాలను వెంబడించాలి. 1060లో ఈ కిరణాల లెక్కకు ప్రత్యేకమైన కోర్లు లేవు, అది ఒక చిత్రానికి దాదాపు 40 నిమిషాలు తీసుకుంది. 3060కి 9 నిమిషాలు పట్టింది, 4060 ఏడు నిమిషాలలోపే ముగించింది. 1060 నుంచి 3060కి వచ్చిన మార్పును ఎవరైనా పక్కన కూర్చొని చూడగలరు. 3060 నుంచి 4060కి వచ్చింది గడియారం చూసుకుంటేనే తెలుస్తుంది.

గడియారంతో పనిలేకుండా తెలిసేది వేడి. 3060కి 170 వాట్లు కావాలి, 4060కి 115 చాలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు మిగిలేది 13 యూనిట్లే కాబట్టి బిల్లులో అది పెద్ద తేడా కాదు. మే నెలలో బయట 44 డిగ్రీలు కాసేటప్పుడు, రేకుల కప్పు కింది మడిగెలో ఆ 55 వాట్లు మనిషి మీద పడతాయి. 1060 కాలంలో సరిపోయిన 600 వీఏ యూపీఎస్, 3060 వేశాక రెండర్ (వీడియోను చివరి రూపంలోకి మార్చే పని) మధ్యలో కరెంటు పోతే ఒక్క అరుపు అరిచి ఆగిపోయేది. కొత్తది కొనక తప్పలేదు. ఇంకొక మాట: ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పకండి. రెండు వేసవులు అలా చేసి 3060ని విప్పితే, హీట్‌సింక్ రెక్కల మధ్య తేమ తాగిన దుమ్ము గోనెపట్టా ముక్కలా అట్టకట్టి, మేకప్ బ్రష్‌కు రాక చివరికి అగ్గిపుల్లతో గీకితే ఊడివచ్చింది. ఆ తర్వాత ఉష్ణోగ్రత 11 డిగ్రీలు తగ్గింది.

ఆటల గురించి నాకు చెప్పవలసింది తక్కువ. 1080పీ తెర మీద 4060 ఐదో వంతు వరకు ముందుంటుందని, ఫ్రేమ్ జనరేషన్ (మధ్య ఫ్రేములను కార్డే కల్పించడం) పెడితే సెకనుకు ఫ్రేముల అంకె బాగా పెరిగినా చేతికి అంత తేలిక కనిపించదని మా అబ్బాయి మాట.

నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించిన విషయంలో మాత్రం మూడు కార్డులూ ఒకటే. ఇప్పుడు కెమెరామెన్‌లు తెచ్చే సోనీ ఏ7-4 కెమెరా ఫైళ్లు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో, రంగు వివరాలు ఎక్కువగా దాచే 4:2:2, 10 బిట్ రకానివి. ఆ రకాన్ని విప్పే ఏర్పాటు ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి వచ్చేదాకా ఎన్విడియా కార్డుల్లో లేదు. అందువల్ల తలంబ్రాల దృశ్యం మడిగెలో ఆగి ఆగి నడిచేది. అదే ఫైలు ఇంట్లో సాఫీగా నడిస్తే 4060 గొప్పతనమేనని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఆ పని చేస్తున్నది ఐ5-12400 లోపలే ఉన్న చిన్న ఇంటెల్ గ్రాఫిక్స్ అని.

1060 ఇప్పుడు ఫొటోలు ప్రింటు తీసే కంప్యూటర్‌లో ఉంది. 2025 అక్టోబరుతో ఆ తరానికి కొత్త గేమ్ డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఆగిపోయాయి, భద్రతకు సంబంధించినవి మాత్రం 2028 దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. ప్రింటింగ్‌కు అది చాలు. మడిగెలో 3060 ఉంది, ఇంట్లో 4060 ఉంది. 2025 మేలో వచ్చిన 5060 ఆ 4:2:2 ఫైళ్లను విప్పుతుంది కాబట్టి రెండుసార్లు కొనబోయి ఆగాను. దాని మెమరీ కూడా 8 జీబీయే. మాఘమాసం బరాత్‌లు వచ్చేలోగా మడిగెలో ఆ ఫైళ్లను తానే విప్పగల ఇంటెల్ ప్రాసెసర్‌కు, దానికి తగిన బోర్డుకు మారి 3060ని అలాగే ఉంచాలని అనుకుంటున్నాను.