ఆటోనగర్ జీపుల షెడ్డు: ఇంజిన్ కంటే ముందు ఆర్సీ చూపించే చోటు

పాత జీపు కొని, విప్పి, తీరిగ్గా బాగుచేసుకోవాలన్న పిచ్చి ఉన్నవాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తప్పకుండా వెళ్ళాలి. బోర్డు లేదు. పేరు నేనూ రాయడం లేదు, "నెట్లో పెట్టకండి సార్, ఫోన్లు ఎత్తలేక చస్తాను" అన్నాడు యజమాని. కమాన్ కట్టలు, అంటే బండి కింద ఉండే స్ప్రింగు పట్టీలు, అమ్మే కొట్ల దగ్గర జీపుల షెడ్డు ఎక్కడని అడిగితే చూపిస్తారు. నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తాను.

మాది ఏలూరు. జీపు కోసం ప్రత్యేకంగా బయల్దేరతానంటే ఇంట్లో ఒప్పుకోరు. అందుకని దుర్గమ్మ దర్శనం, ఉండవల్లి గుహలు, కొండపల్లి బొమ్మలు, ఇలా ఏది పెట్టుకున్నా మధ్యలో ఆటోనగర్ తగిలేలా చూసుకుంటాను. మా ఆవిడకి ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. "గుహలకి ఆటోనగర్ మీదుగా వెళ్ళే దారి మీకొక్కళ్ళకే తెలుసు" అంటుంది. అయినా వస్తుంది. షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో కారు ఆపుకోవచ్చు, ఎదురుగా చెరకురసం బండి ఉంది. ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళకి ఇది చిన్న విషయమేం కాదు. లేడీస్ బాత్రూం మాత్రం లేదు, ముందే చూసుకుని వెళ్ళండి.

లోపల సరుకు మారుతూ ఉంటుంది. నేను చూసినప్పుడల్లా ఎక్కువ ఉన్నవి మహీంద్రా కమాండర్లు. పాడేరు, అరకు, మారేడుమిల్లి వైపు షేర్ జీపులుగా జనాన్ని మోసి మోసి అరిగినవి. ఎత్తు బానెట్ ఉండే పాత జీపు మోడల్ సీజే 3బీ బాడీ ఒకటి గోడకి ఆనించి ఉంటుంది, అమ్మడు. ఒకటో రెండో ఎంఎం 540లు, అంటే మహీంద్రా వాళ్ళ పొట్టి జీపులు, వస్తాయి. నా కన్ను వాటి మీదే. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్. పరిగెత్తదు కానీ విప్పి బిగించడం తెలిసిన మేస్త్రీలు మన దగ్గర ఇంకా ఉన్నారు, సామాను కూడా ఆ చుట్టుపక్కల కొట్లలోనే దొరుకుతుంది. మొదటిసారి ప్రాజెక్టు పెట్టుకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఈ షెడ్డులో నాకు బాగా నచ్చింది, మనల్ని తొందరపెట్టకపోవడం. బండి కింద పరుచుకోవడానికి గోనెపట్టా, చేతికి టార్చిలైటు వాళ్ళే ఇస్తారు. వేరే చోట్ల బండి కిందకి దూరబోతే అదేదో తప్పుపని అయినట్టు చూస్తారు. ఇక్కడ పెద్ద మేస్త్రీ తనే పక్కన పడుకుని, "ఇదిగో అండీ, ఇక్కడ అతుకేశారు, చూడండి" అని వేలు పెట్టి చూపించాడు. తన షెడ్డు బండికి తనే వంక చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫ్లోర్ మీద గేర్ లివర్ పక్కన ఇంకో లివర్ ఉందని అది ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి, అనుకోవద్దు. కిందకి వంగి, ముందు చక్రాల వైపు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఇంజిన్ బలాన్ని చక్రాలకి చేర్చే కడ్డీ, పోతోందో లేదో చూడాలి. కొన్ని బళ్ళకి లివర్ మిగులుతుంది, షాఫ్ట్ మాయమవుతుంది. తుప్పు కోసం డ్రైవర్ కాళ్ళ కింద రేకు, అద్దం ఫ్రేము అడుగు, వెనక కమాన్ కట్టలు తగిలించే చోటు చూడండి. పుట్టీ కింద ఏముందో తెలియాలంటే అయస్కాంతం కావాలి. నేను మా ఫ్రిజ్ మీదున్న ఏనుగు బొమ్మని జేబులో వేసుకుని వెళ్తాను. అది మా చిన్నదానిది, తిరిగిచ్చేదాకా వెనకే తిరుగుతుంది. ఒక బండి ఎడమ వైపంతా ఏనుగు అంటుకోకుండా జారిపోతుంటే దానికి నవ్వే నవ్వు. ఆ బండి కైకలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర తిరిగిందట. ఉప్పునీళ్ళలో తిరిగిన జీపు పైకి ఎంత మెరిసినా నేను ముట్టుకోను. అనంతపురం వైపు ఎండ ప్రాంతాల బండికి రంగు వెలిసినా రేకు గట్టిగా ఉంటుంది.

ఇంజిన్ చూసే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని. ఈ షెడ్డులో నేను చూసిన 540కి చల్లగానే ఉంది, డీజిల్ ఇంజిన్‌ని స్టార్ట్ చేసే ముందు వేడిచేసే హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి నా ముందే తిప్పారు. తెల్ల పొగ కాసేపటికి పోయింది. ఆయిల్ మూత తీస్తే మాత్రం పొగ గుప్పుమంది. "బోర్ చేయించాల్సిందే సార్" అని వాళ్ళే అన్నారు, అంటే అరిగిన సిలిండర్లని మళ్ళీ కోయించడం.

ఇక కాగితాలు. నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇందుకే. రేటు చెప్పకముందే ఆర్సీ చేతికిచ్చి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసి చూపించారు. ఆర్సీలో వీల్ బేస్ కొలత కూడా ఉంటుంది. టేపు పెట్టి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిచి సరిచూసుకోండి. పొడుగు కమాండర్ చాసిస్ కోసి, అతికి, పొట్టి జీపని అమ్మేవాళ్ళున్నారు. ఇంకో ఊళ్ళో ఒకాయన నాకు అలాంటిదే చూపించి, పైన మిలిటరీ పచ్చ రంగు కొట్టి, "ఆర్మీ వేలం బండి" అన్నాడు. వేలం కాగితం అడిగితే టీ తెప్పించాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రేపు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఇబ్బంది పడేది మనమే. ఆ ఫీజు కూడా తక్కువేం కాదు. 20 ఏళ్ళు దాటిన లైట్ మోటార్ వాహనాలకి 2025లో 5,000 నుంచి 10,000 రూపాయలకి పెంచారు. లెక్కలో వేసుకోండి.

మార్కు ఎందుకు కోశానంటే, రేటు. 540కి రెండు లక్షల ముప్ఫై చెప్పారు, బోర్ ఖర్చు మనదే. నేను బేరం మొదలుపెట్టబోతే మా ఆవిడ ఆపేసింది. "మీ మొహం చూస్తేనే వాళ్ళకి అర్థమైపోతుంది, మీరు చెరకురసం తాగండి" అంది. ఆవిడ లక్షా తొంభై దగ్గర ఆపింది. మా అమ్మ కారులోంచే, "ఆ డబ్బుకి గేదెలు కొనుక్కోవచ్చు కదరా" అని మేస్త్రీకి వినిపించేలా అంది. నాకైతే అదీ బేరానికి పనికొచ్చిందనే అనుమానం. ఇంకో లోటు, చెప్పిన టైముకి ఏదీ కాదు. పాత ఓనరు లోను తీరినట్టు బ్యాంకు కాగితం వారంలో తెప్పిస్తామన్నారు, నెల దాటింది. అడ్వాన్సు పది వేలే ఇచ్చాను, ఆ కాగితం వచ్చేదాకా మిగతాది ఇవ్వనని చెప్పాను. దానికి మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.

వెళ్ళేవాళ్ళు ఆదివారమైతే పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిన పెద్ద మేస్త్రీ మళ్ళీ రాడు, మిగిలిన కుర్రాళ్ళని ఏ బండి గురించి అడిగినా "సూపర్ కండిషన్ అన్నా" అంటారు.