ఎనిమిదేళ్ళు, పదకొండు మంది, ఒక వాట్సాప్ గ్రూపు: వాడి చూశాక నా సమీక్ష

ఫోన్లు, మిక్సీలు వాడి సమీక్ష రాసేవాళ్ళకి కొదవ లేదు. నేను రోజూ వాడుతున్నది, అందులోనూ ఎనిమిదేళ్ళుగా వాడుతున్నది, ఒక స్నేహితుల గ్రూపు. 2017లో ఒక ఆన్‌లైన్ ఫొటోగ్రఫీ క్లాసులో పరిచయమయ్యాం, ఇరవై మూడు మందిమి. క్లాసు మూడు నెలల్లో అయిపోయింది. మా ఫొటోగ్రఫీ అంతకంటే ముందే అయిపోయింది. మిగిలింది కబుర్లు. ఇప్పుడు నాతో కలిపి పదకొండు మందిమి ఉన్నాం. నేను ఎదురుగా చూసింది వీళ్ళలో ఇద్దరినే. మిగతా ఎనిమిది మంది రోడ్డు మీద ఎదురైతే గుర్తుపడతానో లేదో గానీ, వాళ్ళ కుక్కల అరుపు మాత్రం గుర్తుపడతాను.

అసలు పేర్లు ఎవరూ వాడరు. 'భీముడి నాన్న', 'చుక్క వాళ్ళమ్మ' అంటేనే తెలుస్తుంది. భీముడంటే మోకాలి ఎత్తు కూడా లేని కుక్క. చుక్క ఒక పిల్లి. రిటైరైన మాస్టారొకరు ఉన్నారు, ఆయన దగ్గర ఏ జంతువూ లేదు కాబట్టి ఆయన ఉత్త మాస్టారు.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారు అందులో?" అని ఇంట్లో అడుగుతూనే ఉంటారు. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, నిజమే. బట్టలు ఆరేయగానే వాన మొదలైందని ఒకరు. తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికిందని ఇంకొకరు. మా వాషింగ్ మెషిన్ స్పిన్‌లో నడుచుకుంటూ గుమ్మం దాకా వస్తుందన్న సంగతి ఈ పది మందికీ తెలుసు, చిన్నప్పటి స్నేహితుడికి తెలియదు. వాడితో ఏడాదికోసారి మాట్లాడితే ఉద్యోగం, ఆపరేషన్, ఇల్లు మారడం లాంటి పెద్ద విషయాలకే టైమ్ సరిపోతుంది. మా చెల్లి విడాకుల సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు తేడా తెలిసింది. వాడికి మొదటి నుంచీ చెప్పుకుంటూ రావడానికి గంట పట్టింది. గ్రూపులో "సంతకాలు అయిపోయాయి" అని రెండు మాటలు రాశాను. రెండేళ్ళుగా అది ప్రతి ఆదివారం ఎందుకు ఇంటికి వచ్చేస్తోందో వింటున్నవాళ్ళే కదా. ఒక్కరు కూడా "అయ్యో, ఏమైంది?" అనలేదు. "ఇవాళ తిందా, పడుకుందా?" అని అడిగారు.

నన్నడిగితే ఈ గ్రూపులో అన్నిటికంటే విలువైనది ఆ రెండో ప్రశ్నే. విన్నప్పుడు ఎవరైనా 'అయ్యో' అంటారు. వారం తర్వాత "కుట్లు విప్పారా?" అని అడిగేవాళ్ళు తక్కువ. మాస్టారు మాత్రం ఎప్పుడూ తప్పరు. ఆయనది ఏం జ్ఞాపకశక్తో అనుకునేవాళ్ళం. ఒకసారి కరెంటు బిల్లు ఫొటో పెట్టబోయి, పొరపాటున తన డైరీ పేజీ పెట్టేశారు. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు: 'మంగళ: చుక్కకి టీకా. బుధ: పెద్దబ్బాయి ఇంటర్వ్యూ, సాయంత్రం అడగాలి. శుక్ర: ఆమె రక్తపరీక్ష రిపోర్టు. తనంతట తను చెప్తే సరే, మనం అడగకూడదు.' వెంటనే డిలీట్ చేశారు గానీ అప్పటికే అందరం చూసేశాం. కాసేపు ఏడిపించాం. తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.

ఇక లోపాలు. పెద్దది ముందే చెప్తాను.

ఒక రాత్రి తొమ్మిదీ నలభైకి "నాన్నని ఆసుపత్రిలో చేర్చాం" అని పెట్టాను. సరిగ్గా దాని కింద చుక్క పిల్లలు పెట్టిన ఫొటోలు వచ్చి పడ్డాయి, నాలుగు పిల్లలు, కళ్ళు కూడా తెరవనివి. ఇంకేముంది, పేర్లు పెట్టడం మొదలైంది. అర్ధరాత్రి దాటాక ఆసుపత్రి వరండాలో కూర్చుని చూస్తే నా మాట కింద అరవై పైచిలుకు మెసేజ్‌లు, నాకు జవాబులు రెండు. మన మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరెవరు చదివారో పేర్లతో సహా కనిపిస్తుంది. బ్లూ టిక్కులు ఆపేసుకున్నా గ్రూపుల్లో అది పనిచేయదు, చదివినట్టు తెలిసిపోతుంది. తొమ్మిది పేర్లు. ఆ తొమ్మిదీ ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు.

తర్వాత విచారిస్తే, ఎవరికి వారు 'ఇంకెవరో ఫోన్ చేసే ఉంటారు' అనుకున్నారట. ఇద్దరైతే నా మెసేజ్ చదివారు, ఫొటోల్లో మరిచిపోయారు, అంతే. పది మంది స్నేహితులుంటే ఒక్కరూ లేనట్టే అయ్యే సమయాలు ఉంటాయని ఆ రాత్రి తెలిసింది. నాన్న కోలుకున్నారు, నేనూ కోలుకున్నాను, కాస్త ఆలస్యంగా. అప్పటి నుంచి ఒకటే కట్టడి: కష్టం వార్త ముందు చూసినవాళ్ళు టైప్ చేయకూడదు, ఫోన్ చేయాలి. చేశాక "మాట్లాడాను" అని గ్రూపులో పెట్టాలి. తర్వాత రెండుసార్లు అవసరం పడింది, రెండుసార్లూ పనిచేసింది.

యాప్ సంగతికొస్తే, మేం మొదలుపెట్టినప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. 2020 ఏప్రిల్ దాకా గ్రూపు కాల్‌లో నలుగురికే చోటు, అప్పుడు ఎనిమిది చేశారు. అందరం ఇళ్ళలో కూర్చున్న రోజులవి, ఆ ఎనిమిది కుర్చీల కోసం వంతులు వేసుకున్నాం. 2022లో ముప్పై రెండు చేశారు గానీ అప్పటికి మాకు కాల్స్ మీద మోజు తీరిపోయింది. 2021లో వాయిస్ మెసేజ్‌లని ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వినే సౌకర్యం వచ్చింది. చుక్క వాళ్ళమ్మ ఏడు నిమిషాలకి తక్కువ మాట్లాడదు, కాబట్టి ఇది నాకు వరమే. రెండు రెట్లలో ఆవిడ ఎప్పుడూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. వాళ్ళాయన చనిపోయిన నెలలో ఆవిడ పెట్టిన మెసేజ్ మాత్రం మామూలు వేగంలో విన్నాను. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినాలనిపించింది.

2022 మేలో వచ్చిన రియాక్షన్లే నాకు నచ్చలేదు. తప్పు వాటిది కాదు, మా బద్ధకానిది. మా అమ్మ కంటి ఆపరేషన్ అయిందని పెడితే ఎనిమిది బొటనవేళ్ళు వచ్చాయి. ఒక్క మాట లేదు. నేనూ తక్కువేం కాదు, అదే వారం ఎవరి పాపకో సీటొస్తే ఒక గుండె బొమ్మ పడేసి ఊరుకున్నాను.

ఇక సలహాలు. చీర రంగు దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అడగొచ్చు, మందులు మాత్రం అడగకూడదు. కొత్తగా పిల్లిని తెచ్చుకున్న ఒకావిడ "ఒళ్ళు కాలుతోంది, పారాసెటమాల్ పావు మాత్ర వేయనా?" అని అడిగింది. నిమిషంలో ముగ్గురు వేయమన్నారు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను, పసిపిల్లలకి ఇస్తాం కదా అన్నది నా తెలివి. చుక్క వాళ్ళమ్మ "ఆగు" అని ఒక్క ముక్క పెట్టి నేరుగా ఫోన్ చేసింది. మనుషుల్లో ఆ మందుని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా ఉండదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. లిల్లీ పూలు కూడా అంతే, వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి. ఆ మాట ఆరోజే విన్నాను. పిల్లి డాక్టరు దగ్గరికి వెళ్ళింది, బతికింది. నేను మందుల గురించి నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

నమ్మకం గురించి ఒక ముక్క. 2016 నుంచి వాట్సాప్‌లో మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, దారిలో ఎవరూ చదవలేరు. చేరాక చేరినచోట స్క్రీన్‌షాట్ తీస్తే ఎవరేం చేస్తారు? ఒకావిడ అత్తగారి గురించి రాసుకున్నది మాలోనే ఒకరి ద్వారా బయటికి పోయింది. ఆవిడ ఆ రాత్రే గ్రూపు వదిలేసింది. చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయే వీలు 2022 ఆగస్టులో వచ్చింది, ఇది దానికంటే ముందు. అందుకని 'లెఫ్ట్' అన్న గీత అందరి ఫోన్లలోనూ పడింది. బయటపెట్టినవాళ్ళు కూడా ఆర్నెల్లకి వెళ్ళిపోయారు. ఆవిడ మళ్ళీ రాలేదు. పిల్లల ఫొటోల విషయంలో ఇప్పుడు స్కూలు బ్యాడ్జీ కనిపించకుండా కత్తిరించి పెడుతున్నాం, అది ఆ దెబ్బతో వచ్చిన జాగ్రత్తే.

ఎవరికి పనికొస్తుందంటే, రోజుకి పావుగంట ఇవ్వగలిగి, జవాబు రాలేదని అలగనివాళ్ళకి. నాలాగా అలిగేవాళ్ళయితే నోటిఫికేషన్లు ఆపేసుకోండి. నాది మూడేళ్ళుగా మ్యూట్‌లోనే ఉంది, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చూస్తాను. స్టార్లు ఇవ్వమంటే నాలుగు. ఆ అయిదోది ఆసుపత్రి వరండాలో పోయింది.

మాస్టారికి ఈమధ్య చూపు సరిగా ఆనడం లేదట, డైరీ రాయడం తగ్గించేశారు. ఆ పని నేను తీసుకున్నాను, ఫోన్లో రిమైండర్లు పెట్టుకుని. రేపు గురువారం. భీముడికి కుట్లు విప్పే రోజు, సాయంత్రం అడగాలి.