ఏడాదికి ఒకటే రీఛార్జి: మా అబ్బాయి ఫోనుకు కాల్స్ ప్యాక్

ఈ ప్యాక్‌లో నాకు నచ్చింది 365 రోజుల గడువు. దాని కోసమే తీసుకున్నాను, దాని కోసమే భరిస్తున్నాను. మిగతా సంగతులు నెమ్మదిగా చెబుతాను.

మా అబ్బాయి ఏడో తరగతి. బడి, అటునుంచి అటే ట్యూషన్, తర్వాత ఆటోలో ఇల్లు. వాడికి ఫోను కావలసింది "అమ్మా, బయలుదేరాను" అని చెప్పడానికే. ఆ ఒక్క మాట కోసం మొదట అందరిలాగే 28 రోజుల ప్యాక్ వేశాం. 2024 జులైలో ధరలు పెరిగినప్పుడు 179 రూపాయలది 199 అయింది. నెలంటే 28 రోజులేనని కంపెనీలు ఎప్పుడో తేల్చేశాయి కాబట్టి ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి, అంటే 2,587 రూపాయలు. సణుక్కుంటూనే కట్టాం. నాకు నిజంగా ఒళ్లు మండింది మాత్రం డబ్బు దగ్గర కాదు.

వానాకాలం, ట్యూషన్ వదిలే వేళకు మా విజయవాడ పటమటలో కుండపోత. రోజూ వచ్చే ఆటో ఎక్కడో నీళ్లలో చిక్కుకుపోయింది. అలాంటప్పుడు వాడు నాకు ఫోన్ చేయాలి, నేను ఆఫీసు నుంచి అటే వెళ్లి తీసుకురావాలి, అదీ మా ఏర్పాటు. వాడు చేశాడు. మీ ప్యాక్ గడువు ముగిసింది, రీఛార్జి చేయించుకోండి అని రికార్డు చేసిన గొంతు పలికింది. మళ్లీ చేశాడు, మళ్లీ అదే పాట. ఫోనులో ఛార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది, నా నంబరూ ఉంది. కాల్ మాత్రం వెళ్లదు. మిస్డ్ కాల్ ఇద్దామన్నా కుదరదు. నేను చేస్తే మోగేదే, కానీ వాడు ఇంటికి చేరే వేళ ఇంకా కాలేదు, నేనెందుకు చేస్తాను? చివరికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులోకి వెళ్లి "అంకుల్, ఒక్క కాల్ చేసుకోవచ్చా?" అని అడిగాడట. తన ఫోనులో నంబరు చూస్తూ ఆయన ఫోనులో నొక్కాడు. ఆయనెవరో పుణ్యాత్ముడు, నేను వెళ్లేదాకా పిల్లవాణ్ని లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు.

గడువు తీరుతోందని కంపెనీవాళ్లు ముందుగా చెప్పలేదా అంటే, చెప్పారు. మూడు రోజులుగా చెబుతూనే ఉన్నారు, వాడికి! కాలర్ ట్యూన్ల ప్రకటనల మధ్య, క్రికెట్ ఆఫర్ల మధ్య ఆ ఎస్సెమ్మెస్‌లు వరుసగా పడి ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు సిమ్ ఇవ్వరు కాబట్టి ఆ కనెక్షన్ నా పేరు మీదే ఉంది. ఆధార్ నాది, ఫొటో నాది, డబ్బు నాది. హెచ్చరిక మాత్రం పన్నెండేళ్ల పిల్లవాడికి. ఇంటి పెద్ద నంబరుకు కూడా ఒక కాపీ పంపాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదంటే నేను నమ్మను.

ఆ కోపంలోనే ఏడాది గడువున్నవాటి కోసం వెతికాను. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా పెట్టాలని 2024 డిసెంబరులో టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ ఆదేశించింది. ఆ పుణ్యమా అని వచ్చినదే నేను తీసుకున్నది. 1,849 రూపాయలు, 365 రోజులు, కాల్స్‌కు లెక్క లేదు, ఎస్సెమ్మెస్‌లు 3,600. నెలకు సుమారు 154 రూపాయలు పడుతుంది. రీఛార్జి షాపతను మాత్రం "పిల్లలకు డేటా లేకుండా ఎలా మేడమ్? ఇంకొంచెం వేస్తే రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంది కదా" అని బాగా నచ్చజెప్పాడు. యాప్‌లోనూ డేటా ప్యాక్‌లన్నీ దాటి కిందికి జరుపుకుంటూ పోతే గానీ ఇది కనిపించలేదు.

వేయించాక ప్రాణం హాయిగా ఉంది. తేదీ లెక్కలు లేవు, "ఈ నెల వేశామా?" అని మావారితో వాదన లేదు. డేటా లేదు కాబట్టి వీడియోల బెడద కూడా వదిలిందని మా చెల్లికి గొప్పగా చెప్పి, వాళ్ల అమ్మాయికీ ఇదే వేయించాను.

వీడియోల మాట కొంచెం సవరించుకోవాలి. అప్పట్లో మా అబ్బాయి సిమ్ వాళ్ల నాన్న పాత స్మార్ట్‌ఫోనులో ఉండేది. ట్యూషన్‌లో పక్కన కూర్చునే పిల్లవాడి ఫోనుకు 5జీ ఉంది, వాడు ఉదారంగా హాట్‌స్పాట్ ఆన్ చేసేవాడు. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది. ప్యాక్‌లో డేటా లేనంత మాత్రాన ఫోనులోకి డేటా రాదనేమీ లేదు. ఇప్పుడు సిమ్‌ను 4జీ కీప్యాడ్ ఫోనులోకి మార్చాం. కాల్స్‌కు ఏ లోటూ లేదు, రెండు రోజులకోసారి ఛార్జింగ్ పెడితే సరిపోతుంది. కాకపోతే బడివాళ్లు హోంవర్కంతా వాట్సాప్‌లోనే పంపుతారు. అందువల్ల సాయంత్రమైతే నా ఫోను నాది కాదు. వాడి ప్యాక్‌లో ఆదా అయిన డేటా ఖర్చు నా ప్యాక్‌లో తేలుతోంది.

ఇంకొకటి, డబ్బంతా ముందే కట్టేస్తాం కదా. మధ్యలో సిగ్నల్ నచ్చక వేరే కంపెనీకి పోర్ట్ అయితే మిగిలిన రోజులు పోయినట్లే. వేసవి సెలవుల్లో మా అత్తగారి ఊళ్లో ఈ సిమ్ మేడ మీద తప్ప పనిచేయలేదు. అక్కడ అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి సర్దుకున్నాం. ఆ 3,600 ఎస్సెమ్మెస్‌లలో వాడు పదైనా పంపి ఉండడు.

రోజూ ఇంటి నుంచి బడికి వెళ్లొచ్చే పిల్లలకు, అదీ ఇంటా బడి దగ్గరా సిగ్నల్ బాగుందని ముందే చూసుకున్నవాళ్లకు ఇది తీసుకోవచ్చు. ఫోను ఉండనివ్వని హాస్టల్లో చదివే పిల్లలకైతే దండగ. ఆన్‌లైన్ క్లాసులున్న పెద్ద తరగతులవాళ్లకు ఎలాగూ చాలదు. మేమే మళ్లీ ఏడాదిది వేయిస్తామా అంటే, ఇప్పుడే చెప్పలేను. మావారికి బదిలీ అయ్యేలా ఉంది. ఆ కబురు తేలేదాకా 84 రోజులది వేసి చూస్తాం. అందులోనూ డేటా ఉండదు, 469 రూపాయలు.